ఒకే అట్టల మధ్య కవిత్వమూ నాటకమూ: ఎలియట్ చుట్టూ వందేళ్ల వాదన

టి.ఎస్. ఎలియట్ 1965 జనవరి 4న లండన్‌లో కన్నుమూశాడు. ఆయన నలభై ఏళ్లపాటు పనిచేసిన ఫేబర్ ప్రచురణ సంస్థ 1969లో ఆయన కవితలనూ నాటకాలనూ కలిపి ఒకే సంపుటిగా తెచ్చింది. అమెరికాలో హార్కోర్ట్ బ్రేస్ సంస్థ 1952లోనే ఇలాంటి పుస్తకం వేసింది గానీ, అందులో 1950 వరకు వచ్చిన రచనలే ఉన్నాయి. 1969 సంపుటిలో పేజీల లెక్కన సగానికి పైగా నాటకాలే. అయినా పాఠకుల చేతుల్లో ఈ పుస్తకం ముందు భాగం దగ్గరే తెరుచుకుంటుంది. ప్రూఫ్రాక్ నుంచి ‘ఫోర్ క్వార్టెట్స్’ దాకా ఉన్న కవితల మీద వ్యాఖ్యానాలు గుట్టలు పడ్డాయి. వెనక ఉన్న ఐదు నాటకాల్లో ‘మర్డర్ ఇన్ ది కెథడ్రల్’ తప్ప మిగతావి పేర్లుగానే మిగిలాయి.

ఎలియట్ మీద జరిగిన వాదనలన్నీ చిక్కుపడడానికి ఈ విభజన ఒక పెద్ద కారణం. కవితలు చదివేవారు నాటకాలను వృద్ధాప్యపు వ్యాపకంగా పక్కన పెట్టారు. రంగస్థలం వాళ్లు ఆయన్ని దారితప్పి వచ్చిన కవిగా చూశారు. కవి జీవితాన్ని వెతికేవారికీ, ఆయన భావజాలాన్ని నిలదీసేవారికీ ఎవరికి కావలసిన పేజీలు వారికి దొరికాయి. ఏ వాదం ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే సంపుటిని ఆ చివరి నుంచి ఈ చివరి వరకు ఒకే రచనాజీవితంగా చూడాలి.

కీర్తి వచ్చిన దారి

ఎలియట్ 1888లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చదివి, 1914లో ఇంగ్లండు చేరాడు. ప్రూఫ్రాక్ కవితను 1915లో షికాగో పత్రిక ‘పొయెట్రీ’ అచ్చువేసింది. 1917లో వచ్చిన మొదటి పుస్తకం ఐదువందల కాపీలు. అదే ఏడాది లాయిడ్స్ బ్యాంకులో ఉద్యోగం. 1922 అక్టోబరులో తాను స్థాపించిన ‘క్రైటీరియన్’ తొలి సంచికలోనే ‘ది వేస్ట్ ల్యాండ్’ వచ్చింది. వెంటనే అమెరికాలో ‘డయల్’ పత్రిక దాన్ని వేసింది. ఆ ఏడాది చివర పుస్తకంగా వచ్చినప్పుడు కవి స్వయంగా రాసిన వివరణలు తోడయ్యాయి. 1923లో లండన్‌లో హోగార్త్ ప్రెస్ కోసం ఆ కవితకు అక్షరాలు పేర్చింది వర్జీనియా వూల్ఫ్.

1927లో ఆయన ఆంగ్లికన్ మతం తీసుకున్నాడు, బ్రిటిష్ పౌరుడయ్యాడు. తోటి ఆధునికుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. శిథిల నాగరికతను అంత కరుకుగా చూపినవాడు చర్చి గుమ్మం ఎక్కడమేమిటని వాళ్ల ప్రశ్న. ‘యాష్ వెన్స్‌డే’ (1930), నాటకాలు, ‘ఫోర్ క్వార్టెట్స్’ ఈ మార్పు తర్వాతివే. 1948లో నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఇంగ్లిషు కవిత్వంలో ఆయన మాటే తీర్పు. అంతటి పెత్తనం మీద తిరుగుబాటు రావడం సహజం, వచ్చింది.

కవిని పక్కన పెట్టి చదివినవారు

1919లో రాసిన ‘ట్రెడిషన్ అండ్ ది ఇండివిడ్యువల్ టాలెంట్’ వ్యాసంలో ఎలియట్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. కవి మనసు రసాయన చర్య జరిపించే ప్లాటినం తీగలాంటిది, చర్య జరిగాక దాని జాడ ఫలితంలో మిగలదు అన్నాడు. బాధపడే మనిషి వేరు, సృష్టించే మనసు వేరు. ఈ వ్యాసం తర్వాతి రెండు తరాల విమర్శకులకు పాఠ్యపుస్తకమైంది. ఇంగ్లండులో ఎఫ్.ఆర్. లీవిస్ (1932), అమెరికాలో క్లీయంత్ బ్రూక్స్ (1939) ‘ది వేస్ట్ ల్యాండ్’ను ఆ వెలుగులోనే చదివారు. ముక్కలుగా కనిపించే కవితలో ఒక ఏకసూత్రం ఉందని నిరూపించడం వాళ్ల పని. జెస్సీ వెస్టన్ రాసిన గ్రెయిల్ గాథల పరిశోధన, ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’ వాళ్లకు తాళంచెవులు. వాటిని అందించింది కవి వివరణలే.

ఈ పఠనం వల్ల మేలు చాలా జరిగింది. కష్టమైన కవితను ఓపికగా, పంక్తి పంక్తిగా చదవడం నేర్పింది. నష్టమూ జరిగింది. కవిత పొడుపుకథ అయిపోయింది, విప్పడం పండితుల వంతైంది. 1956లో మినియాపొలిస్‌లో వేలమంది ముందు చేసిన ప్రసంగంలో ఎలియట్ తానే ఈ ధోరణికి అడ్డుకట్ట వేయబోయాడు. చిన్న కవిత పుస్తకం మందానికి చాలక వివరణలు పెంచవలసి వచ్చిందని, అవి పాఠకులను తప్పుదారి పట్టించాయని చెప్పాడు. ఆయన మాటను పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఆ వివరణలు ఇప్పుడు కవితలో భాగమైపోయాయి. కవితలోని టైరీసియస్ పాత్ర గురించి ఆయన రాసిన నాలుగు మాటలు లేకపోతే కవితను అందరూ ఇప్పటిలా చదివేవారు కాదు.

చిత్తుప్రతి బయటపడ్డాక

ఎలియట్ ‘ది వేస్ట్ ల్యాండ్’ చిత్తుప్రతిని న్యూయార్క్ న్యాయవాది జాన్ క్విన్‌కు ఇచ్చేశాడు. అది పోయిందనే అందరూ అనుకున్నారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉందని 1968లో ప్రకటన వచ్చింది. 1971లో ఆయన రెండో భార్య వాలెరీ ఎలియట్ దాన్ని యథాతథంగా అచ్చువేయించారు. కవిమిత్రుడు ఎజ్రా పౌండ్ కలం ఎంత లోతుగా దిగిందో అప్పుడు అర్థమైంది. కవిత దాదాపు సగానికి తగ్గిపోయింది. సముద్రయానపు సుదీర్ఘ కథనం, పద్దెనిమిదో శతాబ్దపు శైలిలో రాసిన ద్విపదలు ఎగిరిపోయాయి. మొదటి భార్య వివియెన్ కూడా అంచుల్లో మెచ్చుకోళ్లు రాసింది, ఒక పంక్తి తీసేయమంది. భార్యాభర్తల ఉక్కిరిబిక్కిరి సంభాషణ పక్కన ఆమె చేతిరాత చూశాక, ‘కవి జాడ మిగలదు’ అన్న సూత్రాన్ని పాత ధీమాతో వల్లించడం ఎవరికైనా కష్టమే. తన కవిత లోకంమీద విమర్శ కాదనీ, బతుకు మీద సొంత సణుగుడనీ ఎలియట్ అన్న మాట కూడా ఆ పుస్తకంలోనే అచ్చయింది.

అక్కడి నుంచి జీవితచరిత్రల కాలం. లిండల్ గోర్డన్ 1977లో తొలి సంపుటి రాసింది. పీటర్ ఆక్రాయిడ్ 1984లో అప్రచురిత రచనలు ఉటంకించే అనుమతి లేకుండానే ఒక మంచి జీవితచరిత్ర తెచ్చాడు. రాబర్ట్ క్రాఫర్డ్ రెండు సంపుటాలు 2015, 2022ల్లో వచ్చాయి. 2020 జనవరి 2న ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చిరకాల స్నేహితురాలు ఎమిలీ హేల్‌కు ఎలియట్ రాసిన 1,131 ఉత్తరాలు తెరిచారు. ‘ఫోర్ క్వార్టెట్స్’లోని ‘బర్న్ట్ నార్టన్’ కవితలో వచ్చే తోటకు ఆయన ఆమెతో కలిసే వెళ్లాడు. కవితల్లో ఏయే స్త్రీమూర్తుల వెనక ఆమె ఉందో ఆ ఉత్తరాల్లో ఆయనే ఆమెకు చెప్పుకున్నాడు. ఉత్తరాలు తెరిచిన రోజునే హార్వర్డ్ విడుదల చేసిన పాత ప్రకటనలో మాత్రం, ఆమెను పెళ్లాడి ఉంటే తనలోని కవి చచ్చిపోయేవాడని రాశాడు. ఉత్తరాలు ఒకటి చెబితే ప్రకటన మరొకటి చెబుతోంది.

జీవితవాదుల బలం ఆధారాల్లో ఉంది. బలహీనత ఏమిటంటే, వాళ్ల చేతుల్లో ప్రతి కవితా ఒక ఉత్తరంగా, ప్రతి గొంతూ ఒక అసలు మనిషిగా కుదించుకుపోతుంది. ‘ఆ అమ్మాయి ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన తోటలో ఆ క్షణం ఎందుకు అంతగా మెరుస్తుందో తెలియదు. కవిని పక్కన పెట్టి చదివిన రూపవాదుల ఓపికా, జీవితవాదుల ఆధారమూ రెండూ కావాలి. రెండింటిలో ఏదీ ఇంకోదాన్ని రద్దు చేయదు.

యూదుల ప్రశ్న

ఈ సంపుటిలో దాటేయడానికి వీల్లేని పేజీలున్నాయి. ‘జెరోంషన్’, బ్లైస్టీన్ పాత్ర ఉన్న కవిత, స్వీనీ కవితల్లో ఒకటి యూదులను అసహ్యంగా చిత్రించాయి. 1933లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాల్లో, స్వేచ్ఛగా ఆలోచించే యూదులు ఎక్కువమంది ఉండడం సమాజానికి మంచిది కాదన్నాడు. హిట్లర్ అధికారానికి వచ్చిన ఏడాది అది. ఆ ఉపన్యాసాల పుస్తకాన్ని తర్వాత ఎన్నడూ పునర్ముద్రించలేదు. కవితలను మాత్రం యుద్ధం తర్వాత 1948 ఎంపికలోనూ ఉంచాడు. దానికి నిరసనగా 1951లో లండన్‌లో యూదు కవి ఇమాన్యుయెల్ లిట్వినోఫ్ ఎలియట్ ఉన్న సభలోనే ఒక కవిత చదివాడు. సభ అట్టుడికింది. మంచి కవిత అని ఎలియట్ గొణిగినట్టు అక్కడున్నవారు చెప్పారు.

దీని మీద రెండు పుస్తకాలు ఎదురెదురుగా నిలిచాయి. క్రిస్టఫర్ రిక్స్ (1988) ద్వేషాన్నీ, పాత్రల గొంతులో వచ్చే పూర్వాగ్రహాన్నీ జాగ్రత్తగా విడదీసి చూడమన్నాడు. మాట ఎవరిదో, అది ఏ చోట నిలబడి పలుకుతోందో తూచి చూడాలన్నాడు. న్యాయవాది ఆంథొనీ జూలియస్ (1995) ఆ తూకం చివరికి కవిని తప్పించడానికే పనికొస్తుందన్నాడు. ఎలియట్ ద్వేషాన్ని కళగా మలిచాడని, ఆ కవితలు మంచి కవితలు కావడమే అసలు ఇబ్బంది అని ఆయన వాదం.

జూలియస్ వాదమే బలమైనదని నా అభిప్రాయం. ‘జెరోంషన్’ ఒక ముసలివాడి గొంతు, నిజమే. కానీ బ్లైస్టీన్ కవితలో మాట్లాడేవాడు కవికి అంత దూరంలో లేడు. 1963 సంపుటిలో ‘యూదుడు’ అనే పదం మొదటి అక్షరాన్ని పెద్దబడిలోకి మార్చడం తప్ప ఆయన ఆ పేజీలకు చేసిందేమీ లేదు. ఆ కవితలను సంపుటి నుంచి తీసేయాలని నేను అనను. పూర్తి సంపుటి అన్నాక ఆ మచ్చలూ ఉండాలి. తరగతిలో ఆ పేజీలు వదిలేసి ముందుకు పోవడం మాత్రం పాఠకుడికి అన్యాయం.

ఇదే వరుసలో మరో సంగతి తక్కువగా చర్చకు వచ్చింది. ‘ది కాక్‌టెయిల్ పార్టీ’లో సీలియా అనే యువతి కింకంజా అనే కల్పిత ద్వీపంలో సేవ చేస్తూ, స్థానికుల చేతుల్లో శిలువ మీద చనిపోతుంది. నాటకం ఆమె బలిదానాన్ని లండన్ మధ్యతరగతి ఆత్మశోధనకు వాడుకుంటుంది. ఆ ద్వీపంలోని మనుషులకు ముఖాలే లేవు. వలస పాలన కింద బతికిన దేశాల పాఠకులు దీన్ని గమనించకుండా ఉండలేరు. పాశ్చాత్య వ్యాఖ్యాతల్లో చాలామంది చాలాకాలం గమనించలేదు.

నాటకాలు: వైఫల్యమా, వదిలేసిన దారా?

సంపుటి పేజీలు తిప్పితే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఎలియట్ మొదటి నాటకప్రయత్నం ‘స్వీనీ అగోనిస్టీజ్’ నాటకాల్లో లేదు, అసంపూర్ణ కవితల కింద ఉంది. 1934లో చర్చిల నిర్మాణనిధి కోసం ఆడిన ‘ది రాక్’లోని బృందగానాలూ కవితల వైపే ఉన్నాయి. ‘బర్న్ట్ నార్టన్’ మొదలైంది ‘మర్డర్ ఇన్ ది కెథడ్రల్’ నుంచి తీసేసిన కొన్ని పంక్తులతో. అంటే కవికీ నాటకకర్తకూ మధ్య గీత ఆయన కాగితాల్లోనే లేదు. ‘ది వేస్ట్ ల్యాండ్’ చిత్తుప్రతికి పెట్టిన పేరు కూడా డికెన్స్ నవలలోంచి తీసుకున్నదే. పోలీసు వార్తలను రకరకాల గొంతులతో చదివి వినిపించే కుర్రాడి గురించిన మాట అది. సారాకొట్టులో ఆడవాళ్ల ముచ్చట, టైపిస్టు గది, భార్యాభర్తల రాత్రి: ఆ కవిత పాత్రలతో కిక్కిరిసిన రంగస్థలం. మొదటి నుంచీ ఆయన ఆలోచించింది గొంతుల్లోనే.

అందుకే ‘స్వీనీ’ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 1924లోనే నవలాకారుడు ఆర్నల్డ్ బెనెట్‌ను కలిసి, ఇప్పటి జీవితం మీద డప్పు దెబ్బలతో సాగే నాటకం రాయాలనుందని చెప్పాడు. 1926-27ల్లో క్రైటీరియన్‌లో వచ్చిన ఆ రెండు దృశ్యాల్లో జాజ్ లయ ఉంది, మ్యూజిక్ హాల్ పాట ఉంది, ఒకే మాటను ఒకరి నుంచి ఒకరు లాక్కుని తిరిగి విసిరే భయం ఉంది. తర్వాత శామ్యూల్ బెకెట్, పింటర్ నాటకాల్లో వినిపించిన ఆగి ఆగి సాగే సంభాషణకు ఇది ముందు అడుగని పలువురు గుర్తించారు. డేవిడ్ చినిట్జ్ 2003లో రాసిన పుస్తకం జనరంజక కళల మీద ఎలియట్‌కున్న ప్రేమను వివరంగా చూపింది. పండితుడి బొమ్మ వెనక మ్యూజిక్ హాల్ గాయని మేరీ లాయిడ్ మరణానికి వ్యాసం రాసిన మనిషి ఉన్నాడు. ఈ దారిని ఆయన వదిలేయడం ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లిషు నాటకానికి జరిగిన నష్టాల్లో ఒకటి.

వదిలి ఆయన వెళ్లింది చర్చి దగ్గరికి. 1935 జూన్‌లో కాంటర్‌బరీ కెథడ్రల్ ఛాప్టర్ హౌస్‌లో, 1170లో ఆర్చ్‌బిషప్ తామస్ బెకెట్ హత్య జరిగిన చోటికి కూతవేటు దూరంలో, ఇ. మార్టిన్ బ్రౌన్ దర్శకత్వంలో ‘మర్డర్ ఇన్ ది కెథడ్రల్’ ఆడింది. ఇందులో నాలుగో ప్రలోభకుడు అధికారం ఎర వేయడు, బలిదానపు కీర్తినే ఎర వేస్తాడు. సరైన పని తప్పుడు కారణానికి చేయడం కంటే పెద్ద ద్రోహం లేదన్న బెకెట్ మథనం అక్కడ పుడుతుంది. అయినా నాటకాన్ని మోసేది బెకెట్ కాదు, కాంటర్‌బరీ పేద స్త్రీల బృందం. చరిత్ర తమ ఇంటి గుమ్మందాకా రావద్దని వేడుకునే సామాన్యుల భయానికి ఎలియట్ ఇచ్చిన గొంతు ఆయన కవితలన్నిటిలోనూ అరుదు. హత్య చేసిన సైనికాధికారులు చివర్లో పద్యం వదిలేసి ఆధునిక వచనంలో ప్రేక్షకులకు సంజాయిషీ చెప్పుకోవడం 1935 ఐరోపాలో కూర్చున్నవారికి సూటిగా తగిలి ఉండాలి.

తర్వాతి నాలుగు నాటకాలకూ గ్రీకు వెన్నెముక ఉంది. ‘ది ఫ్యామిలీ రీయూనియన్’ (1939) వెనక ఈస్కిలస్, ‘ది కాక్‌టెయిల్ పార్టీ’ (1949) వెనకా ‘ది కాన్ఫిడెన్షియల్ క్లర్క్’ (1953) వెనకా యురిపిడీజ్, ‘ది ఎల్డర్ స్టేట్స్‌మన్’ (1958) వెనక సోఫోక్లీజ్. వేషం మాత్రం లండన్ డ్రాయింగ్ రూము కామెడీది. 1950లో హార్వర్డ్‌లో చేసిన ప్రసంగంలో తన ఆశయాన్ని వివరించాడు: తాము వింటున్నది పద్యమని ప్రేక్షకులకు తోచకూడదు, మామూలు మాటలోంచే కవిత్వం పైకి లేవాలి.

తెలుగు పద్యనాటకం ఎరిగినవారికి ఇది సరిగ్గా తలకిందులు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఆడుతుంటే పద్యం ఎప్పుడొస్తుందా అని జనం కాచుకుంటారు, వచ్చాక వన్స్‌మోర్ కొడతారు. అక్కడ పద్యం దాక్కోదు, రాగంతో ముందుకొచ్చి నిలబడుతుంది. ఎలియట్ దాన్ని దాచాడు, చివరికి అది దొరకనంతగా దాచాడు. ‘కాక్‌టెయిల్ పార్టీ’లో అసలు కవిత్వం ఉందా అన్నది తేలని ప్రశ్నేనని ఆ ప్రసంగంలోనే ఒప్పుకున్నాడు. ‘ఫ్యామిలీ రీయూనియన్’ నాయకుడు భరించరాని మనిషని కూడా అన్నాడు. తన నాటకాలకు ఆయనకంటే కఠినమైన విమర్శకుడు లేడు.

విమర్శకుల తీర్పులు చీలిపోయాయి. బ్రౌన్ తన పుస్తకంలో (1969) ఇవి ఆడదగిన నాటకాలని ప్రదర్శనల అనుభవంతో చెప్పాడు. లెక్కా ఆయన వైపే ఉంది: ‘కాక్‌టెయిల్ పార్టీ’ బ్రాడ్వేలో నాలుగువందలకు పైగా ప్రదర్శనలు ఆడి, 1950లో ఉత్తమ నాటకంగా టోనీ అవార్డు తెచ్చుకుంది. రేమండ్ విలియమ్స్ (1952) పద్యనాటకాన్ని తిరిగి తేవడం ఎందుకు అవసరమో సానుభూతితో వివరించాడు. 1956 మేలో ఆస్బర్న్ ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ వచ్చాక ఆ చర్చంతా ఒక్కసారిగా పాతబడింది. 1958 నాటికి ఎలియట్ చివరి నాటకం వేరే యుగపు అతిథిలా కనిపించింది. విధి విచిత్రం, రంగస్థలం మీద ఆయనకు అతిపెద్ద విజయం చనిపోయాక 1981లో పిల్లుల పద్యాలతో కట్టిన ‘క్యాట్స్’ సంగీత నాటకంతో వచ్చింది. పాటా లయా దాచకుండా వినిపించిన ప్రదర్శన అది.

మన ఉపనిషత్తు, ఆయన కవిత

భారతీయ పాఠకులకు ఎలియట్ దగ్గరవాడిగా అనిపించడానికి కారణం తెలిసిందే. హార్వర్డ్‌లో చార్లెస్ లాన్మన్ దగ్గర సంస్కృతం, జేమ్స్ వుడ్స్ దగ్గర పతంజలి చదివాడు. ‘ది వేస్ట్ ల్యాండ్’ మూడో భాగం పేరు బుద్ధుడి ఉపదేశం నుంచి, ఐదో భాగంలో ఉరుము పలికే మాట బృహదారణ్యకం నుంచి. ‘ది డ్రై సాల్వేజెస్’లో కృష్ణార్జునులు వస్తారు. మన సభల్లో దీన్ని గర్వంగా చెప్పుకుని ఆగిపోవడం అలవాటైంది. అంతటితో ఆగితే చదివినట్టు కాదు. ఉపనిషత్తులో ప్రజాపతి దేవతలకు దమం, మనుషులకు దానం, అసురులకు దయ బోధిస్తాడు. ఎలియట్ దేవతలనూ అసురులనూ తీసేసి, దానం, దయ, దమం వరుసలో పెట్టాడు. ముగ్గురు శ్రోతలకు మూడు పాఠాలున్న కథ, ఒకే మనిషి తనను తాను అడిగే మూడు ప్రశ్నలైంది. అరువుగా మొదలైన మాట ఇక్కడ కవి సొంత మాటగా మారింది. ఈ చదువును మరింత సాగించి ఉంటే అమెరికన్‌గా, ఐరోపీయుడిగా ఆలోచించడం మరిచిపోవలసి వచ్చేదని, అది తనకు ఇష్టం లేకపోయిందని ఆయన స్పష్టంగానే రాశాడు. క్లియో కెర్న్స్ 1987లో రాసిన అధ్యయనం ఈ ఆకర్షణనూ ఈ వెనకడుగునూ రెండింటినీ లెక్కలోకి తీసుకుంది. మన విమర్శకు ఆ రెండో సగం ఇంకా అవసరం.

తేలనివి

మొదటిది, మతం. ‘ఫోర్ క్వార్టెట్స్’ను హెలెన్ గార్డ్‌నర్ లాంటి విశ్వాసులు ఆయన శిఖరంగా నిలబెట్టారు. అవిశ్వాసులు ‘ది వేస్ట్ ల్యాండ్’ వైపే మొగ్గుతారు. నమ్మకం పంచుకోని పాఠకుడికి ఆ చివరి కవిత ఎంత అందుతుందన్నది పాఠకుడికో తీరు. నా మట్టుకు అందులోని ‘లిటిల్ గిడింగ్’లో బాంబుదాడి తర్వాత తెల్లవారకముందు వీధిలో ప్రేతంతో జరిగే సంభాషణ ఏ మతం అనుమతీ అడగదు. ఆ భాగం నాటకరచన నేర్చుకున్నవాడు రాసిన కవిత.

రెండోది, ‘ది వేస్ట్ ల్యాండ్’ ఒకరి కవితా, ఇద్దరిదా, వివియెన్‌ను కలుపుకుంటే ముగ్గురిదా అన్నది. లారెన్స్ రెయినీ 2005లో కాగితాల ఆధారంగా చిత్తుప్రతి భాగాల తేదీలు నిర్ధారించే ప్రయత్నం చేసి, ముందే గీసుకున్న పథకమేదీ లేదని వాదించాడు. ఏకసూత్రవాదులకు ఇది గట్టి దెబ్బ. కానీ పథకం లేకుండా పుట్టింది చదివేటప్పుడు ఒక్కటిగా వినిపించడం ఎలా అన్నది అలాగే ఉంది.

మూడోది, పుస్తకం సంగతి. 2015లో రిక్స్, జిమ్ మెక్యూ కలిసి రెండు పెద్ద సంపుటాల్లో పాఠభేదాలతో, విస్తారమైన వ్యాఖ్యతో కవితలను పరిష్కరించారు. ఇంత శ్రద్ధ ఆధునిక కవుల్లో కొద్దిమందికే దక్కింది. అవి కవితల సంపుటాలు మాత్రమే. ‘స్వీనీ’, ‘ది రాక్’ గానాలు వాటిలో ఉన్నాయి, కాంటర్‌బరీ స్త్రీలు లేరు. 1969 సంపుటిలో వ్యాఖ్య లేదు, పాఠభేదాలు లేవు, అచ్చుతప్పులూ ఉన్నాయి. అయినా ‘స్వీనీ’ డప్పునూ, ఛాప్టర్ హౌస్ బృందగానాన్నీ, ‘లిటిల్ గిడింగ్’ ప్రేతాన్నీ ఒకదాని తర్వాత ఒకటి గొంతెత్తి చదువుకోవడానికి ఇప్పటికీ వీలు కల్పించేది ఆ పాత పుస్తకమే.